హార్డ్ డిస్కులు పీకేసిన ఆఫీసు: మూడు నెలల నా అనుభవం

మాది ఆకివీడులో రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే ఆఫీసు. నన్ను పెట్టుకున్నది స్టాకు లెక్కలు చూడటానికి. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం ఒకసారి తీసిన పాపానికి ఎనిమిదేళ్ళుగా కంప్యూటర్ల బాధ్యత కూడా నా నెత్తినే పడింది. మొత్తం తొమ్మిది డెస్క్‌టాప్‌లు. చాలావరకు పదేళ్ళు దాటినవే.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందురోజే మేం అన్నీ ఆపేసి ప్లగ్గులు పీకి పెట్టాం. గాలికి ఏమీ కాలేదు. కరెంటు వచ్చాకే అసలు కథ మొదలైంది. వచ్చీ పోయీ, వచ్చీ పోయీ, సాయంత్రానికి రెండు మెషీన్లు లేవలేదు. ఒకదాంట్లో డిస్కు టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. ఆ ఏడాదిలో మాకు పోయిన డిస్కులు ఆ రెండింటితో ఐదయ్యాయి. దానికి తోడు అదే నెల 14వ తేదీతో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి మా మెషీన్లు పనికిరావు.

కొత్త వాటికి కొటేషను తెప్పిస్తే ఒక్కోటి 36 వేలు, తొమ్మిదింటికి 3 లక్షల 24 వేలు. ఆ కాగితం తీసుకుని మా యజమాని రాజుగారి గదిలోకి వెళ్ళాను. అమెరికా సుంకాలతో రొయ్య రేటు పడిపోయి, రైతుల దగ్గర మా బాకీలు పేరుకుపోయిన రోజులవి. ఆయన కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "ఉన్నవాటితో లాగించవోయ్. ముప్పై వేల లోపు ఏం చేయగలవో అది చెయ్" అన్నారు. అంతే మాటలు.

అందరూ అడిగే ప్రశ్న నాకూ వచ్చింది: తొమ్మిది చిన్న ఎస్‌ఎస్‌డీలు (లోపల తిరిగే భాగాల్లేని కొత్తరకం డిస్కులు) కొని పడేస్తే పోయేది కదా? పోయేదే. కానీ నన్ను చంపుతున్నది డిస్కు ఖరీదు కాదు. డిస్కు పోయిన ప్రతిసారీ విండోస్ ఎక్కించడం, ప్రింటర్ డ్రైవర్, తెలుగు ఫాంట్లు, మళ్ళీ ఎవరో పెన్‌డ్రైవ్‌తో తెచ్చే షార్ట్‌కట్ వైరస్. ఒక పనిని తొమ్మిదిసార్లు చేయాలి. తణుకు వైపు ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే మా బావమరిది ఫోన్లో ఈ సోది అంతా విని, "డిస్కులు మార్చడం ఎందుకు బావా, తీసేయండి. మా ల్యాబ్‌లో అరవై సిస్టమ్స్ అలాగే నడుస్తున్నాయి" అన్నాడు. ఆ రాత్రి భోజనం చల్లారిపోయింది గానీ ఫోన్ వదల్లేదు.

అతను చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మెషీన్ ఆన్ చేయగానే దాని నెట్‌వర్క్ చిప్‌లో ఉన్న పీఎక్స్‌ఈ అనే చిన్న ప్రోగ్రాం లేచి, "నాకు అడ్రసు ఎవరిస్తారు? ఏ ఫైలుతో మొదలుపెట్టాలి?" అని తీగ మీద కేకేస్తుంది. సర్వర్, అంటే మిగతావాటికి ఫైళ్ళు అందించే మెషీన్, బదులిచ్చి ఒక చిన్న ఫైలు పంపుతుంది. ఆ ఫైలు లైనక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) గుండెకాయ లాంటి కెర్నెల్‌ని తెచ్చుకుంటుంది. ఆ తర్వాత సిస్టమ్ మొత్తం సర్వర్‌లో ఉన్న ఒకే ఒక్క ఇమేజ్ (సిస్టమ్ అంతటినీ ఒకే ఫైలుగా కట్టిన కాపీ) నుంచి నడుస్తుంది. ప్రాసెసరూ ర్యామూ మాత్రం ఎదురుగా ఉన్న మెషీన్‌వే. ఇదంతా ఒక పద్ధతిలో అమర్చిపెట్టేది ఎల్‌టీఎస్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 1999 నుంచీ ఉంది. 2019లో మొత్తం తిరగరాశారు కాబట్టి అంతకు ముందు రాసిన సూచనలు చూసి చేయకండి. నేను చేశాను, ఒక వారం పోయింది.

నవంబరు 2, ఆదివారం. విజయవాడ నుంచి తెప్పించిన సెకండ్‌హ్యాండ్ ఐ5 మెషీన్ మీద ఇంట్లోనే డెబియన్ అనే లైనక్స్ వేశాను. 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు. ఒకటి పోయినా రెండోది నడిచేలా వాటిని జంటగా కట్టాను. ఆఫీసు నుంచి తెచ్చిన ఒక చచ్చిన మెషీన్‌కి డిస్కు వైరు పీకేసి, రెండింటికీ మధ్య ఒక్క తీగ పెట్టాను. రాత్రి 11 దాటాక ఆ మెషీన్ తెర మీద లాగిన్ పెట్టె వచ్చింది. లోపల డిస్కు లేదు! మా ఆవిడని నిద్రలేపి చూపించాను. "బాగుంది, లైటు ఆపండి" అంది.

ఇంట్లో ఒక్క తీగతో చేసింది ఆఫీసులో పదిహేను తీగలతో చేయడం వేరని వారం తర్వాత గానీ తెలియలేదు.

నవంబరు 9న సర్వర్‌ని ఆఫీసులో పెట్టాను. మూడు మెషీన్లలో బయోస్‌లోకి (మెషీన్ సొంత సెట్టింగుల్లోకి) వెళ్ళి, నెట్‌వర్క్ నుంచి లేపే లాన్ బూట్ రామ్ ఆన్ చేశాను. (చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి సేవ్ చేసి ఒకసారి బయటికి వస్తేనే బూట్ వరుసలో నెట్‌వర్క్ పేరు కనిపిస్తుంది. ఇది తెలియక గంట వెతికాను.) ఒకటి లేచింది. రెండోదానికి "పీఎక్స్‌ఈ-ఈ53" అని వచ్చింది. అంటే అడ్రసు దొరికింది గానీ, ఏ ఫైలుతో మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదని. మళ్ళీ ఆన్ చేస్తే అదే మెషీన్ లేచింది, ముందు లేచింది లేవలేదు. దెయ్యం పట్టినట్టుంది. అలసిపోయి అలాగే వదిలేసి ఇంటికెళ్ళాను.

పొద్దున్న తొమ్మిదిన్నరకి రాజుగారి ఫోను. "ఏమోయ్, నా ఫోన్లో వైఫై ఉంది, వాట్సాప్ రావట్లేదు. ఏం చేశావు?" ఆఫీసులో అందరి ఫోన్లదీ అదే పరిస్థితి. పరుగున వెళ్ళి చూస్తే సంగతి ఇదీ: ఇంటర్నెట్ రూటర్ అడ్రసులు ఇస్తోంది, నా సర్వరూ అడ్రసులు ఇస్తోంది. ఎవరు ముందు పలికితే వాళ్ళ మాటే చెల్లుతుంది. రూటర్ ముందు పలికితే కంప్యూటర్ లేవదు, నా సర్వర్ ముందు పలికితే ఫోనుకి బయటికి దారి తెలియదు. పాత సూచనలు చూసి చేసిన ఫలితం. కొత్త ఎల్‌టీఎస్‌పీలో దీనికి మందు ముందే ఉంది, ప్రాక్సీ డీహెచ్‌సీపీ అంటారు. అడ్రసులు ఇచ్చే పని రూటర్‌కే వదిలేసి, "బూట్ ఫైలు నా దగ్గరుంది" అన్న ఒక్క మాట మాత్రం సర్వర్ చెబుతుంది. నవంబరు 16న అన్నీ తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి అలాగే చేశాను. ఈ53 మళ్ళీ కనబడలేదు.

ఇక్కడిదాకా సాఫ్ట్‌వేర్ బాధలు. నిజం చెప్పాలంటే మొత్తం తలనొప్పిలో అవి నాలుగో వంతు కూడా కాదు.

లేచిన మెషీన్ లేవడానికి ఆరున్నర నిమిషాలు తీసుకుంది. బిల్లింగ్‌లో కూర్చునే అమ్మాయి టీ తాగి, గ్లాసు కడుక్కుని వచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. "అన్నయ్యా, పాతదే నయం కదా" అంది. నాకు మాట రాలేదు. మెషీన్ల తీగలన్నీ వచ్చి కలిసే మా పాత నెట్‌వర్క్ స్విచ్ 100 మెగాబిట్లది. అంటే ఎంత బాగా నడిచినా సెకనుకి 12.5 మెగాబైట్లు, అదీ నేను మార్చబోయే ఏడు మెషీన్లూ పంచుకోవాలి. 16 పోర్టుల గిగాబిట్ స్విచ్ 5,200 పెట్టి తెచ్చాను. పెట్టాక కూడా మూడు మెషీన్లకే గిగాబిట్ లైటు వెలిగింది. మిగతావి మొండిగా 100 దగ్గరే ఆగాయి.

నవంబరు 23న నిచ్చెన వేసుకుని ఫాల్స్ సీలింగ్ పైకి తల పెట్టాను. ఎనిమిది తీగలు ఉండాల్సిన కేబుల్‌కి నాలుగే కనెక్టర్లో పెట్టి, మిగతా నాలుగూ కత్తిరించేశారు. 100కి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒకచోట రెండు ముక్కల్ని మెలేసి నల్ల టేపు చుట్టారు. ఒక చివర ఎలుకలు కొరికాయి. గోడ సాకెట్లలో పిన్నులకి పచ్చటి చిలుము. మా దగ్గర గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు, చుట్టూ చెరువులే. పాత స్విచ్ మూత విప్పితే వెచ్చగా ఉంటుందని లోపల దూరిన బల్లి ఎండిపోయి ఉంది, పక్కనే రెండు గుడ్లు. పెద్ద గుమాస్తా గారు కింద నిచ్చెన పట్టుకుని, "ఒరేయ్ అబ్బాయ్, ఇన్నాళ్ళూ మన జీఎస్టీ అంతా దీని పొట్టమీదుగానే వెళ్ళిందన్నమాట" అన్నారు.

ఆ వారమంతా సాయంత్రం ఆరు తర్వాత నేనూ మా ఎలక్ట్రీషియనూ కొత్త క్యాట్6 నెట్‌వర్క్ తీగ లాగాం. ఒక్క మాట, తీగ కొనేటప్పుడు పూర్తి రాగిదేనా అని అడిగి తీసుకోండి. చవకగా దొరికేది అల్యూమినియం మీద రాగి పూత. పనిలో పనిగా అతను ఎర్తింగ్ చూసి నోరెళ్ళబెట్టాడు. పేరుకి తీగ ఉంది గానీ గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్ళయిందో. డిస్కులు పోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చన్నాడు. కొత్త గొయ్యి తీసి రాగి ప్లేటు పెట్టడానికి 3,800 అయింది. ఇది నా లెక్కలో లేని ఖర్చు.

నవంబరు 30 రాత్రి కొత్త తీగ మీద మొదటిసారి ఆన్ చేస్తే 55 సెకన్లలో లాగిన్ వచ్చింది. మళ్ళీ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, వాచీ పెట్టి చూశాను. అంతే.

తొమ్మిదిలో ఏడింటికే డిస్కులు తీశాను. రెండు విండోస్‌లోనే ఉన్నాయి. అకౌంటెంట్ గారి లెక్కల ప్రోగ్రాం ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్ ఒకదాంట్లో. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఉత్తరాలు రెండోదాంట్లో. ఆ ఉత్తరాలు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి లైనక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. విండోస్‌ని కూడా నెట్‌వర్క్ మీద బూట్ చేయొచ్చని బావమరిది అన్నాడు గానీ, లైసెన్సుల గొడవ, నా ఓపిక, రెండూ లెక్కేసుకుని మానేశాను. ఆ రెండింటికీ ఎస్‌ఎస్‌డీలు కొనాలి, అది వచ్చే నెల ఖర్చు.

మిగతా ఏడింటిలో ఐదు నేరుగా లేచాయి. ఆరోది కాస్త కొత్తది, బయోస్ బదులు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి ఉన్న బోర్డు. దాంట్లో గుర్తింపు లేనిదాన్ని లేవనివ్వని సెక్యూర్ బూట్ ఆపేదాకా ఉలకలేదు. ఏడోదాని నెట్‌వర్క్ చిప్ పిడుగుకో దేనికో ఎప్పుడో పోయింది, ఇన్నాళ్ళూ వైఫై డాంగిల్ మీద నడిపారట. 480 పెట్టి లాన్ కార్డు తెచ్చి వేస్తే, ఆ కార్డులో బూట్ రామ్ లేదు! కార్డు కొనేముందు అది ఉందో లేదో చూడాలని నాకేం తెలుసు. చివరికి డ్రాయర్లో పడున్న 2 జీబీ పెన్‌డ్రైవ్‌లో, పీఎక్స్‌ఈ పనే చేసే ఐపీఎక్స్‌ఈ అనే ఉచిత ప్రోగ్రాం రాసి వెనక పోర్టులో గుచ్చాను. ఆ పెన్‌డ్రైవే దానికి బూట్ రామ్. ఎవరూ పీక్కుపోకుండా సెల్లో టేపు అంటించాను.

డిసెంబరు 1న మూడు, 14 నాటికి ఏడూ మారాయి. సిబ్బందికి మొదటి భయం ఫైళ్ళ గురించి. "ఇందులో డిస్కే లేదంటున్నారు, మరి నా ఫైళ్ళు ఎక్కడున్నాయండీ?" అని గోడౌన్ కుర్రాడు సీపీయూ డబ్బా తట్టి చూశాడు, ఖాళీ బిందెని తట్టినట్టు. అతన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, అతని పేరుతో లాగిన్ చేయించాను. అతని డెస్క్‌టాప్, అతని ఫైళ్ళు, అతను పెట్టుకున్న కోడిపుంజు ఫొటోతో సహా అక్కడే వచ్చాయి. "ఆయ్, వచ్చిందండీ!" అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరి కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్ళు అక్కడే కూర్చుంటున్నారు, ముఖ్యంగా ఫ్యాను కింద.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గురించి ఒక్క ముక్క. బిల్లు ప్రతి పేజీకి సగం లైను కిందికి జారుతూ పదో బిల్లుకి జీఎస్టీ నంబరు చిరుగు మీద పడేది. కాగితం కొలత సరిగ్గా చేత్తో రాసి పెట్టడానికి రెండు రోజులు. ఇంకేం లేదు.

ర్యామ్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. డిస్కు లేకపోతే స్వాప్, అంటే ర్యామ్ నిండినప్పుడు డిస్కు మీద వాడుకునే చోటు, ఉండదు. పైగా తాత్కాలికంగా రాసేదంతా ర్యామ్‌లోకే వెళ్తుంది. 2 జీబీ ఉన్న మెషీన్లలో బ్రౌజర్లో ఐదారు ట్యాబులు తెరిస్తే చాలు, బిగుసుకుపోయేవి. పాత డీడీఆర్3 4 జీబీ ముక్కలు 550 చొప్పున ఐదు తెచ్చాను. ర్యామ్‌లోనే కుదించి దాచుకునే జెడ్‌ర్యామ్ కూడా ఆన్ చేశాను. ఇప్పుడు ఫర్వాలేదు. 4 జీబీ లేకుండా ఈ పనికి దిగకండి.

జనవరి 7న ఇంకో పాఠం. ప్రింటర్ సెట్టింగు మార్చి, ఉదయం ఆఫీసు నడుస్తుండగానే కొత్త ఇమేజ్ తయారుచేశాను. ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే ఎల్‌టీఎస్‌పీ పాత ఇమేజ్‌ని పక్కన ఒక కాపీగా ఉంచుతుంది, నడుస్తున్న మెషీన్లు దాని మీదే నడుస్తాయి. భలేగా ఉందే అని మధ్యాహ్నం ఇంకో చిన్న మార్పు చేసి మళ్ళీ తయారుచేశాను. ఉంచేది ఒక్క పాత కాపీనే! రెండోసారికి ఉదయం నడుస్తున్న ఇమేజ్ చెరిగిపోయింది. "స్టేల్ ఫైల్ హ్యాండిల్" (వాడుతున్న ఫైలు ఇక లేదు) అంటూ ఏడు తెరలూ ఒకదాని తర్వాత ఒకటి చచ్చాయి. సగం కొట్టిన బిల్లులు పోయాయి. ఇప్పుడు ఇమేజ్ పని ఆదివారమే.

అంతకన్నా వింత స్విచ్‌తో జరిగింది. సర్వర్ యూపీఎస్ మీద ఉంది, మెషీన్లు యూపీఎస్ మీద ఉన్నాయి. స్విచ్ మాత్రం గోడ ప్లగ్గు మీద ఉంది, ఆ సంగతి నా బుర్రకే తట్టలేదు. కరెంటు పోయినప్పుడు అన్ని తెరలూ వెలుగుతూనే ఉన్నాయి, మౌసు బాణం కదులుతూనే ఉంది, ఏది నొక్కినా మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నాలుగు నిమిషాల తర్వాత కరెంటు రాగానే, నొక్కినవన్నీ ఒక్కసారిగా జరిగిపోయాయి. ఒకే బిల్లు మూడు ప్రింట్లు వచ్చింది. స్విచ్‌కి 2,600 పెట్టి వేరే చిన్న యూపీఎస్ కొన్నాను.

అసలు పరీక్ష జనవరి 20. సంక్రాంతి సెలవులు అయ్యాక 3బీ, అంటే జీఎస్టీ నెలవారీ రిటర్ను, వేయడానికి ఆఖరి రోజు. ఉదయం 10:40కి సర్వర్ యూపీఎస్ కుయ్యిమని ఆగిపోయింది. బ్యాటరీలు చచ్చాయి. కరెంటు లేదు. ఏడు మెషీన్లూ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. బయట మేత లోడింగ్‌కి రెండు లారీలు. రాజుగారు గది గుమ్మంలో నిలబడి, "ఇదివరకు ఒకటి పోతే ఎనిమిది నడిచేవి. ఇప్పుడు ఒకటి పోతే ఏడు పోయాయి. ఇదేనా నీ తెలివి?" అన్నారు. అందరి ముందూ. తప్పనడానికి నా దగ్గర ఏమీ లేదు, లెక్క సరిగ్గానే వేశారు. పెద్ద గుమాస్తా గారు మాట్లాడకుండా బీరువాలోంచి కార్బన్ పేపర్లు, పాత బిల్లు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టారు. అకౌంటెంట్ గారి విండోస్ మెషీన్ దాని సొంత యూపీఎస్ మీద ఉండటంతో 3బీ మాత్రం వెళ్ళిపోయింది. నేను సైకిల్ షాపు ఎదురుగా ఉన్న బ్యాటరీల కొట్టుకి పరుగెత్తి, రెండు బ్యాటరీలు 2,200కి తెచ్చి వేసేసరికి 11:35. యాభై ఐదు నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగు గంట లేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడే డిస్కు తీసేసిన మెషీన్లలో కాస్త మంచిదాన్ని ఎంచి, దానికి ఒక డిస్కు తిరిగి పెట్టి, రెండో సర్వర్‌గా తయారుచేయడం మొదలుపెట్టాను. రోజూ రాత్రి ఇమేజూ అందరి ఫోల్డర్లూ దానికి కాపీ అవుతాయి. మొదటిది పోతే దీన్ని అదే అడ్రసుతో ఆన్ చేస్తే చాలు. ఫిబ్రవరి మొదటి ఆదివారం కావాలనే మొదటిదాని ప్లగ్గు పీకి చూశాను. తొమ్మిది నిమిషాల్లో ఆఫీసు లేచింది. అందుకే ఇప్పుడు డిస్కు లేనివి ఆరే. వారానికోసారి ఒక బయటి డిస్కులోకి మొత్తం ఎక్కించి రాజుగారి ఇంటికి పంపుతున్నాను.

ఖర్చు: సర్వర్ 15,500, ఎస్‌ఎస్‌డీలు 6,400, స్విచ్ 5,200, తీగలు కనెక్టర్లు 5,050, ర్యామ్ 2,750, వృథాగా పోయిన లాన్ కార్డు 480, యూపీఎస్ బ్యాటరీలు, చిన్న యూపీఎస్ కలిపి 4,800, ఎర్తింగ్ 3,800. మొత్తం 43,980. ముప్పై వేలన్నారు, దాదాపు పద్నాలుగు వేలు పైన పడింది. బిల్లులన్నీ గుండుసూది గుచ్చి ఇస్తే రాజుగారు ఎర్తింగ్ బిల్లు దగ్గర ఆగి, "ఇది ఎప్పుడో చేయాల్సింది" అన్నారు. లాన్ కార్డు బిల్లు నేను ఇవ్వలేదు.

పీకిన డిస్కులు బీరువా కింది అరలో ఉన్నాయి. ఇక బాగుచేయాల్సింది మూలనున్న మెషీన్ ఒక్కటే మిగిలింది. మంచు కురిసిన ఉదయాల్లో అది "పీఎక్స్‌ఈ-ఈ61, తీగ చూసుకో" అంటుంది. తీగ పీకి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ గుచ్చితే లేస్తుంది. ఆ గోడ సాకెట్ ఒక్కటే పాతది మార్చకుండా వదిలేశాను. ఈ ఆదివారం దాని పని చూడాలి.